ముందు అంచు, తర్వాత పక్క: స్పీడు, దూరం ఇన్‌ఈక్వాలిటీ లెక్కల మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి బోర్డు కనపడుతోందా? ఓకే. టైమ్ తక్కువుంది కాబట్టి ఉపోద్ఘాతం ఏమీ లేకుండా డైరెక్ట్‌గా లెక్కలోకి వెళ్ళిపోదాం. జీమ్యాట్, జీఆర్ఈ, శాట్ లాంటి అడ్మిషన్ ఎగ్జామ్‌లలో వచ్చే ఇన్‌ఈక్వాలిటీ లెక్కలివి, అంటే ఆన్సర్ ఒక్క నంబరు కాకుండా ఇంతకంటే ఎక్కువ, ఇంతకంటే తక్కువ అని వచ్చేవి.

ఒక కారు ఒక ప్రయాణం చేసింది. దూరం 180 నుంచి 210 కిలోమీటర్ల మధ్యలో ఉంది, కరెక్ట్‌గా ఎంతో చెప్పలేదు. స్పీడు గంటకి 60 నుంచి 70 కిలోమీటర్ల మధ్యలో ఉంది, అదీ కరెక్ట్‌గా చెప్పలేదు. రెండింట్లోనూ చివరి నంబర్లు కూడా కలిపే. మరి ప్రయాణానికి పట్టిన టైమ్ ఎంత నుంచి ఎంత వరకు ఉండొచ్చు? ఒక్క నిమిషం ఇస్తాను, పేపర్ మీద చెయ్యండి.

సరే, అక్కడెవరో 3 గంటలు అంటున్నారు. ఎలా వచ్చిందండీ? చిన్న దూరాన్ని చిన్న స్పీడుతో భాగించారు, 180 బై 60, 3 వచ్చింది. పెద్దదాన్ని పెద్దదానితో భాగించారు, 210 బై 70, అదీ 3 వచ్చింది. కాబట్టి 3 నుంచి 3 వరకు, అంటే కచ్చితంగా 3 గంటలు! ఎంత ముచ్చటగా వచ్చిందో చూశారా. దూరం తెలీదు, స్పీడు తెలీదు, టైమ్ మాత్రం సెకను కూడా తేడా లేకుండా తెలిసిపోయింది. ఇది నమ్మబుద్ధి అవుతోందా అసలు? నేను కావాలనే ఈ నంబర్లు తీసుకున్నా, ఎందుకంటే మామూలు నంబర్లు ఇస్తే ఈ తప్పు కూడా ఒక మంచి రేంజ్‌లాగా కనపడుతుంది, ఆ రేంజ్ ఆప్షన్లలో కూడా ఉంటుంది, టిక్ పెట్టేసి హాయిగా ముందుకెళ్ళిపోతాం.

కారు గురించి ఆలోచించండి, గుర్తుల గురించి కాదు. ఎక్కువ టైమ్ ఎప్పుడు పడుతుంది? దారి పొడుగ్గా ఉండి, బండి మెల్లగా వెళ్తే. అంటే 210 బై 60, మూడున్నర గంటలు. తక్కువ టైమ్ ఎప్పుడు? దారి చిన్నదై, బండి స్పీడుగా వెళ్తే. 180 బై 70, అంటే 18 బై 7, రెండున్నర గంటల కంటే కొంచెం ఎక్కువ. అంతే, టైమ్ 18 బై 7 నుంచి 3.5 వరకు. భాగహారంలో పెద్దదానికి జోడీ చిన్నది, చిన్నదానికి జోడీ పెద్దది. గుణకారంలో ఈ గొడవ లేదు, స్పీడు రేంజ్ ఇచ్చి టైమ్ రేంజ్ ఇచ్చి దూరం అడిగితే చిన్నది ఇంటూ చిన్నది, పెద్దది ఇంటూ పెద్దది, ఎందుకంటే అన్నీ పాజిటివ్ నంబర్లే. తీసివేతలో మళ్ళీ భాగహారం లాగే అడ్డంగా జోడీ కట్టాలి. దీన్ని రూల్‌గా బట్టీ పట్టకండి, ఎగ్జామ్ హాల్లో బట్టీ పట్టిన రూలు సగమే గుర్తొస్తుంది. "ఎక్కువ కావాలంటే ఏం జరగాలి" అని మిమ్మల్ని మీరు అడగండి, జోడీ దానంతటదే కుదురుతుంది.

ఇప్పుడు అసలు విషయం చెప్తాను, ఈరోజు నేను చెప్పేది నిజానికి ఇదొక్కటే, మిగతా అంతా దీనికి ఉదాహరణలే. ఇన్‌ఈక్వాలిటీ లెక్కలో రెండు పనులున్నాయి. అంచు ఎక్కడుందో కనుక్కోవడం ఒకటి, ఆ అంచుకి ఏ పక్కన నిలబడాలో తేల్చుకోవడం రెండోది. చాలామంది ఈ రెండింటినీ ఒకేసారి చెయ్యబోతారు, లెస్ దేన్ గుర్తు పెట్టుకుని దాన్ని లైన్ నుంచి లైన్‌కి మోసుకుంటూ, ఎక్కడ తిప్పాలో ఎక్కడ తిప్పకూడదో అని భయపడుతూ పోతారు. అలా అక్కర్లేదు. గుర్తు తీసేసి ఈక్వల్ పెట్టి సాల్వ్ చెయ్యండి, అంచు దొరుకుతుంది. తర్వాత బండి కొంచెం స్పీడుగా వెళ్తే ఏమవుతుంది అని ఒక్క ప్రశ్న వేసుకోండి, పక్క తెలిసిపోతుంది.

ఉదాహరణ చూడండి. 300 కిలోమీటర్ల ప్రయాణం. ఒకాయన ఇప్పుడు వెళ్ళే స్పీడు కంటే గంటకి 10 కిలోమీటర్లు ఎక్కువ స్పీడుతో వెళ్తే ఒక గంట కంటే ఎక్కువ టైమ్ మిగులుతుంది. ఆయన ఇప్పటి స్పీడు గురించి ఏం చెప్పగలం? ఆ స్పీడు వి అనుకుని పద్ధతి ప్రకారం రాస్తే 300 బై వి మైనస్ 300 బై వి ప్లస్ 10, అది 1 కంటే ఎక్కువ. దీన్ని ఇన్‌ఈక్వాలిటీగానే నెట్టుకుంటూ వెళ్తే ఒక క్వాడ్రాటిక్ వస్తుంది, దానికి ఫ్యాక్టర్లు, తర్వాత నంబర్ లైన్ మీద ప్లస్సులు మైనస్సులు. తప్పేం కాదు, కానీ అంత అక్కర్లేదు. ఈక్వల్ పెట్టండి. సరిగ్గా గంట మిగిలితే వి ఇంటూ వి ప్లస్ 10 ఈక్వల్స్ 3000. పది తేడా ఉన్న రెండు నంబర్ల గుణకారం 3000 కావాలి, 50 ఇంటూ 60, చూడగానే తెలుస్తోంది. 300 కిలోమీటర్లు 50తో 6 గంటలు, 60తో 5 గంటలు, అవును, సరిగ్గా గంట. అంచు 50.

ఇప్పుడు ఏ పక్క? గంట కంటే ఎక్కువ మిగలాలంటే ఆయన 50 కంటే మెల్లగా వెళ్తున్నాడా స్పీడుగా వెళ్తున్నాడా? మెల్లగా వెళ్ళేవాడికి పది పెంచితే లాభం ఎక్కువ. అనుమానం ఉంటే చెక్ చేసుకోండి, 100తో వెళ్ళేవాడికి 3 గంటలు, 110 చేస్తే రెండు గంటల 44 నిమిషాలకి దగ్గర్లో, అంటే మిగిలింది పదహారు పదిహేడు నిమిషాలే. అదే పది, అదే 300 కిలోమీటర్లు, కానీ 50 దగ్గర గంట మిగిలింది, 100 దగ్గర పావుగంట. కాబట్టి ఆన్సర్ 50 కంటే తక్కువ, సున్నా కంటే ఎక్కువ. ఆ సున్నా కంటే ఎక్కువ అన్నది ప్రశ్నలో రాయరు, స్పీడు అన్నాక మనమే కలుపుకోవాలి.

ఇంకోటి, ఇది నాకు బాగా ఇష్టమైన టైపు. మళ్ళీ 300 కిలోమీటర్లే. దారిలో కొంత భాగం గంటకి 50 చొప్పున వెళ్ళాలి, మిగతాది 80 చొప్పున వెళ్ళొచ్చు. నాలుగున్నర గంటల్లోపు చేరాలి, సరిగ్గా నాలుగున్నర అయినా పర్లేదు. 80 స్పీడుతో కనీసం ఎన్ని కిలోమీటర్లు వెళ్ళాలి? అందరూ ఏం చేస్తారంటే 80తో వెళ్ళే దూరం ఎక్స్ అనుకుని, ఎక్స్ బై 80 ప్లస్ 300 మైనస్ ఎక్స్ బై 50 లెస్ దేన్ ఆర్ ఈక్వల్ టు 4.5 అని రాస్తారు, 400తో గుణిస్తారు, 5 ఎక్స్ ప్లస్ 2400 మైనస్ 8 ఎక్స్, అది 1800కి మించకూడదు, అంటే మైనస్ 3 ఎక్స్ మైనస్ 600కి మించకూడదు, ఇదిగో ఇక్కడ, సరిగ్గా ఇక్కడ, మైనస్ 3తో భాగించేటప్పుడు గుర్తు తిప్పాలి. కంగారులో తిప్పడం మర్చిపోతే ఎక్స్ 200కి మించకూడదు అని వస్తుంది. అంచు కరెక్ట్, పక్క తప్పు. పైగా ఆప్షన్లలో రెండూ ఉంటాయి.

దీన్నే వేరేలా చూడండి. మొత్తం 50తోనే వెళ్ళాడనుకోండి, 6 గంటలు. మనకున్నది నాలుగున్నర. అంటే గంటన్నర ఆదా చెయ్యాలి. ఒక కిలోమీటరు 50తో వెళ్తే 72 సెకన్లు, 80తో వెళ్తే 45 సెకన్లు. అంటే ఒక్కో కిలోమీటరుని నెమ్మది లెక్కలోంచి తీసి స్పీడు లెక్కలో వేస్తే 27 సెకన్లు మిగులుతాయి. గంటన్నర అంటే 5400 సెకన్లు. 5400 బై 27, సరిగ్గా 200. కనీసం 200 కిలోమీటర్లు. ఇందులో మైనస్ ఎక్కడైనా వచ్చిందా? గుర్తు తిప్పే పని ఉందా? "కనీసం" అన్నది కూడా అడగకుండానే వచ్చేసింది, ఎందుకంటే ఎక్కువ కిలోమీటర్లు మారిస్తే ఎక్కువ ఆదా, అంతేగా. చెక్ చేస్తే 200 కిలోమీటర్లకి రెండున్నర గంటలు, 100 కిలోమీటర్లకి 2 గంటలు, మొత్తం నాలుగున్నర.

అందరూ ఎక్స్ పెట్టడం మానెయ్యాలని కాదు నేను అనేది. ఎక్స్ పెట్టాల్సినచోట పెట్టాలి. కానీ జీమ్యాట్ క్వాంట్‌లో, అంటే లెక్కల సెక్షన్లో, 21 ప్రశ్నలకి 45 నిమిషాలు, అంటే ఒక్కోదానికి రెండు నిమిషాల చిల్లర, పైగా ఆ సెక్షన్లో క్యాలిక్యులేటర్ లేదు. జీఆర్ఈలో 2023 సెప్టెంబర్ నుంచి వచ్చిన చిన్న ఎగ్జామ్‌లో క్వాంట్ మొత్తం 27 ప్రశ్నలకి 47 నిమిషాలు, అక్కడ స్క్రీన్ మీద క్యాలిక్యులేటర్ ఇస్తారు గానీ, 27 సెకన్లు అనే ఆలోచన క్యాలిక్యులేటర్ ఇవ్వదు కదా. శాట్‌లో అయితే గ్రాఫింగ్ క్యాలిక్యులేటరే ఉంది ఎగ్జామ్ యాప్ లోపల, రెండు వైపులనీ రెండు గ్రాఫులుగా వేసి ఎక్కడ కోసుకుంటున్నాయో చూసుకోవచ్చు. గమనించండి, అది కూడా మనం చెప్పుకున్నదే, కోసుకున్న చోటు అంచు, తర్వాత ఏ పక్క గ్రాఫ్ కింద ఉందో చూడ్డం.

ఇప్పుడు యావరేజ్ స్పీడు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ టాపిక్‌లో మార్కులు పోయేది ముఖ్యంగా ఇక్కడే అని నా అభిప్రాయం. ఒక ఊరికి గంటకి 40 చొప్పున వెళ్ళాడు. తిరిగి అదే దారిలో వస్తున్నాడు. మొత్తం రానూపోనూ యావరేజ్ 60 కంటే ఎక్కువ కావాలంటే తిరిగొచ్చే స్పీడు ఎంత కంటే ఎక్కువ ఉండాలి? మనసు వెంటనే 80 అంటుంది, 40కి 80కి మధ్యలో 60 కదా. కాదండీ. దూరం ఇవ్వలేదు కాబట్టి మనకి నచ్చింది పెట్టుకుందాం, ఒక వైపుకి 120 కిలోమీటర్లు. రానూపోనూ 240. యావరేజ్ 60 అంటే మొత్తం 4 గంటల్లో అయిపోవాలి. వెళ్ళేటప్పటికే 120 బై 40, 3 గంటలు అయిపోయాయి. మిగిలింది ఒక్క గంట, రావాల్సింది 120 కిలోమీటర్లు. అంచు 120. యావరేజ్ 60 దాటాలంటే ఆ గంట కంటే ముందే రావాలి, అంటే 120 కంటే ఎక్కువ స్పీడుతో.

అదే లెక్కలో యావరేజ్ 80 కావాలి అంటే? 240 బై 80, 3 గంటలు. ఆ 3 గంటలూ వెళ్ళడానికే ఖర్చయిపోయాయి. ఇంక ఎంత స్పీడుగా వచ్చినా, రాకెట్ వేసుకొచ్చినా, 80 రాదు. కాబట్టి సమాన దూరాలుగా రెండు ముక్కలుంటే, ఒక ముక్క స్పీడు 40 అయితే మొత్తం యావరేజ్ ఎప్పుడూ 80 కంటే తక్కువే. ఏ స్పీడుకైనా అంతే, దానికి రెట్టింపు దాటదు, రెట్టింపుని అందుకోదు కూడా. "కింది వాటిలో యావరేజ్ ఏది కావచ్చు, సరైనవన్నీ గుర్తించండి" అని జీఆర్ఈలో అడిగే రకం ప్రశ్నలుంటాయి, అందులో ఒక్కటి మిస్సయినా మార్కు రాదు, సగం మార్కు అనేది లేదు. అలాంటి చోట ఈ రెట్టింపు గోడ తెలిస్తే ఆ పైన ఉన్న ఆప్షన్లన్నీ ఒక్క చూపుతో కొట్టేయొచ్చు.

జీఆర్ఈలోనే క్వాంటిటేటివ్ కంపారిజన్ అని ఒకటి ఉంది, మీకు తెలుసు, రెండు క్వాంటిటీలు ఇస్తారు, మొదటిది పెద్దదా, రెండోది పెద్దదా, రెండూ సమానమా, లేక చెప్పలేమా. ఒకాయన సగం దూరం గంటకి 30 చొప్పున, సగం దూరం 50 చొప్పున వెళ్ళాడు, ఆ యావరేజ్ మొదటి క్వాంటిటీ. ఇంకొకాయన సగం టైమ్ 30తో, సగం టైమ్ 50తో వెళ్ళాడు, అది రెండోది. రెండోది సింపుల్, సగం సగం టైమ్ కాబట్టి మామూలు యావరేజే, 40. మొదటిదానికి 150, 150 పెట్టుకోండి, 5 గంటలు ప్లస్ 3 గంటలు, 300 బై 8, ముప్పై ఏడున్నర. రెండోదే పెద్దది. ఎందుకు అంటే దూరం సమానంగా పంచినప్పుడు మెల్లగా వెళ్ళే ముక్కకి టైమ్ ఎక్కువ పడుతుంది, 8 గంటల్లో 5 గంటలు ఆయన 30 మీదే ఉన్నాడు, యావరేజ్ అటువైపు ఒరిగిపోతుంది.

ఇప్పుడు ఇదే ప్రశ్నలో 30, 50 తీసేసి పి, క్యూ అని పెట్టి, రెండూ పాజిటివ్ నంబర్లు అని మాత్రం చెప్తే? ఎవరు చెప్తారు? రెండోదే పెద్దది అంటున్నారు. ఇంకెవరైనా? ఆ, అక్కడ వెనక అమ్మాయి కరెక్ట్‌గా చెప్పింది. పి, క్యూ వేరువేరు అని ప్రశ్నలో ఎక్కడా లేదు. రెండూ ఒకటే అయితే రెండు యావరేజ్‌లూ సమానం. వేరైతే రెండోది పెద్దది. కాబట్టి చెప్పలేము. ఫార్ములా బాగా వచ్చినవాళ్ళే ఇందులో పడతారు, ఎందుకంటే వాళ్ళకి ఆ పెద్దది చిన్నది ముందే తెలుసు, ప్రశ్న పూర్తిగా చదవరు.

ఇక్కడే నంబర్లు పెట్టి చూడ్డం గురించి ఒక మాట. ఇందాక దూరం ఇవ్వనప్పుడు 120 పెట్టుకున్నాం, అది ఓకే, ఎందుకంటే దూరం ఏదైనా ఆన్సర్ మారదు, అది కొట్టివేతలో పోతుంది. కానీ ఇన్‌ఈక్వాలిటీలో స్పీడుకి ఒక నంబరు పెట్టి, నిజం అయింది కదా అని ఆగిపోతే అది రుజువు కాదు. ఒక నంబరుతో ఒక మాట తప్పని తేల్చొచ్చు, ఎప్పుడూ నిజమే అని తేల్చలేం. అందుకే పెట్టేటప్పుడు మధ్యలో నంబర్లు కాదు, చివరల్లోవి పెట్టండి, రెండూ సమానం చేసి ఒకసారి, ఒకటి చాలా పెద్దది చేసి ఒకసారి.

ఈ అలవాటు డేటా సఫిషియెన్సీలో బాగా పనికొస్తుంది. జీమ్యాట్‌ని 2023 చివర్లో మార్చినప్పుడు దీన్ని క్వాంట్‌లోంచి తీసి డేటా ఇన్‌సైట్స్ సెక్షన్లో పెట్టారు గానీ, ఆలోచన పాతదే. ప్రశ్న, కింద రెండు స్టేట్‌మెంట్లు, వాటితో ఆన్సర్ తేలుతుందా లేదా అన్నదే అడుగుతారు. ఉదాహరణకి, ఒక రైలు యావరేజ్ స్పీడు గంటకి 80 దాటిందా? మొదటి స్టేట్‌మెంట్, దూరం 400 కిలోమీటర్ల కంటే ఎక్కువ. రెండోది, టైమ్ 5 గంటల కంటే తక్కువ. విడివిడిగా ఏదీ చాలదు, మొదటిదాంట్లో టైమ్ లేదు, రెండోదాంట్లో దూరం లేదు. రెండూ కలిపితే? పైన 400 కంటే ఎక్కువ, కింద 5 కంటే తక్కువ, రెండూ స్పీడుని పైకే తోస్తున్నాయి, కాబట్టి కచ్చితంగా 80 దాటింది, తేలిపోయింది. ఇప్పుడు మొదటిదాన్ని మారుద్దాం, దూరం 400 కంటే తక్కువ. టైమ్ మాత్రం 5 కంటే తక్కువే. పైది స్పీడుని కిందకి లాగుతోంది, కిందది పైకి తోస్తోంది. 390 కిలోమీటర్లు 3 గంటల్లో అయితే 130, 100 కిలోమీటర్లు 4 గంటల్లో అయితే 25. తేలదు. నంబర్లు లేకుండానే, రెండు సమాచారాలూ ఒకే వైపు తోస్తున్నాయా, చెరో వైపా అని చూస్తే సగం పని అయిపోతుంది. చెరో వైపు తోస్తే మాత్రం వెంటనే తేలదు అనెయ్యకండి, రేంజ్‌లు ఇరుగ్గా ఉంటే తేలొచ్చు, అప్పుడు చివరలు పెట్టి చూడాల్సిందే.

ఇంకో రకం, "ప్రయాణంలో ఏదో ఒక క్షణంలోనైనా స్పీడు 60 దాటిందా?" స్టేట్‌మెంట్ ఒకటి, 130 కిలోమీటర్లు 2 గంటల్లో వెళ్ళాడు. యావరేజ్ 65. ఎప్పుడూ 60 దాటకుండా యావరేజ్ 65 ఎలా వస్తుంది? రాదు. కాబట్టి దాటాడు, తేలింది. స్టేట్‌మెంట్ రెండు, మొదటి గంటలో 55 కిలోమీటర్లే వెళ్ళాడు. దీంతో తేలదు, ఆ గంటలోనే కాసేపు ఆగి కాసేపు 90 మీద వెళ్ళి ఉండొచ్చు. యావరేజ్ ఎక్కువైతే ఎక్కడో దాటినట్టే, యావరేజ్ తక్కువైతే మాత్రం ఏమీ చెప్పలేం. ఒకవేళ స్టేట్‌మెంట్‌లో "ఏ క్షణంలోనూ 58 దాటలేదు" అని ఉంటే? అప్పుడు ఆన్సర్ కచ్చితంగా కాదు అని. కాదు అని కచ్చితంగా తెలిసినా అది సరిపోయినట్టే లెక్క. ఇది చెప్తే అందరూ తెలుసు సార్ అంటారు, టైమర్ ఆన్ చేస్తే మాత్రం "కాదు" అని వచ్చిందని "సరిపోదు" అన్న ఆప్షన్ మీద టిక్ పెడతారు.

పడవ లెక్కలు త్వరగా చూసేద్దాం. ప్రవాహం గంటకి 4 కిలోమీటర్లు, వెళ్ళడం 24 కిలోమీటర్లు, రావడం 24, మొత్తం 8 గంటలకి మించకూడదు, నిలకడ నీటిలో పడవ స్పీడు ఎంత ఉండాలి? పడవ స్పీడు బి అనుకుని ఈక్వల్ పెడితే బి స్క్వేర్ మైనస్ 6 బి మైనస్ 16 ఈక్వల్స్ 0, బి 8 లేదా మైనస్ 2. మైనస్ 2 పడవ ఏమీ ఉండదు. 8 పెడితే ప్రవాహంతో పాటు 12 స్పీడుతో 2 గంటలు, ఎదురు 4 స్పీడుతో 6 గంటలు, మొత్తం 8, సరిపోయింది. స్పీడు పెరిగితే టైమ్ తగ్గుతుంది కాబట్టి 8 లేదా అంతకంటే ఎక్కువ. ఒక్క జాగ్రత్త ఏంటంటే స్పీడు పాజిటివ్ కదా అని దేన్తోనైనా ధైర్యంగా గుణించేస్తాం, మామూలు ఆల్జీబ్రాలో లేని సౌకర్యం అది, కానీ ఇక్కడ కింద బి మైనస్ 4 ఉంది, పడవ ప్రవాహం కంటే స్పీడుగా లేకపోతే అది పాజిటివ్ కాదు. పడవ వెనక్కి తిరిగి రాగలిగింది అంటే బి 4 కంటే ఎక్కువ అని అర్థం, ఆ మాట ముందే పక్కన రాసుకుని తర్వాత గుణించండి.

మాడ్యులస్, అంటే మైనస్ గుర్తు ఉంటే తీసేసి చూసే విలువ, అది వచ్చే లెక్కలకి చాలామంది భయపడతారు, అందులో భయపడేది ఏమీ లేదు. 210 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు కార్లు ఒకేసారి ఎదురెదురుగా బయల్దేరాయి, ఒకటి 60, ఒకటి 45. ఎదురుపడ్డాక కూడా ఆగకుండా వెళ్తూనే ఉంటాయి. రెండింటి మధ్య దూరం 42 కిలోమీటర్లు గానీ అంతకంటే తక్కువ గానీ ఎంతసేపు ఉంటుంది? పుస్తకం పద్ధతిలో బయల్దేరాక గడిచిన గంటలు టి అనుకుంటే 210 మైనస్ 105 టి, దాని మాడ్యులస్ 42కి మించకూడదు, టి 1.6 నుంచి 2.4 వరకు, తేడా 0.8 గంట, 48 నిమిషాలు. మామూలుగా ఆలోచిస్తే కలుసుకోక ముందు 42, కలుసుకున్నాక 42, మొత్తం 84 కిలోమీటర్లు, రెండూ కలిసి గంటకి 105 చొప్పున, 84 బై 105, అదే 0.8. ఇంకా తమాషా ఏంటంటే ఈ ప్రశ్నకి ఆ 210 అక్కర్లేనే లేదు. మొదట్లో దూరం 42 కంటే ఎక్కువుంటే చాలు. డేటా సఫిషియెన్సీ పెట్టేవాడికి ఇలాంటిది దొరికితే పండగే. "మొదట వాటి మధ్య దూరం ఎంత" అనేది ఒక స్టేట్‌మెంట్‌గా ఇస్తాడు, మీరు అది లేకపోతే లెక్క కాదనుకుంటారు. 48 నిమిషాలా 0.8 గంటా అన్నది కూడా ఆప్షన్లలో చూసుకోవాలి, యూనిట్లు మార్చడం మర్చిపోతే ఇంత ఆలోచించిందీ వృథా.

ఎవరో చెయ్యెత్తారు. అడగండి. ఆ, "సార్, ఈక్వల్ కలుపుకోవాలా వద్దా అన్నది ఎప్పుడూ కన్‌ఫ్యూజ్ అవుతుంది, రౌండ్ చేసిన నంబర్లు ఇస్తే ఏం చెయ్యాలి" అంటున్నారు. మంచి ప్రశ్న. దూరం దగ్గర్లోని పదికి రౌండ్ చేస్తే 200 కిలోమీటర్లు, టైమ్ దగ్గర్లోని గంటకి రౌండ్ చేస్తే 4 గంటలు అనుకుందాం. అసలు దూరం 195 నుంచి 205 వరకు, 195 ఉండొచ్చు, 205 ఉండకూడదు, ఎందుకంటే అది 210కి రౌండ్ అవుతుంది. అసలు టైమ్ 3.5 నుంచి 4.5 వరకు, 3.5 ఉండొచ్చు, 4.5 ఉండకూడదు. ఇప్పుడు స్పీడు. తక్కువ వైపు అంచు 195 బై 4.5, అంటే 43.3 చిల్లర. 195 ఉండొచ్చు గానీ 4.5 ఉండకూడదు కదా, కాబట్టి అంచుని తాకలేం, దానికంటే ఎక్కువే. ఎక్కువ వైపు 205 బై 3.5, 58.6కి దగ్గర్లో. ఇక్కడ 3.5 ఉండొచ్చు గానీ 205 ఉండకూడదు, మళ్ళీ తాకలేం. ఒక అంచు రెండు నంబర్లతో తయారైతే, అందులో ఏ ఒక్కటి దొరకకపోయినా ఆ అంచు దొరకదు. రెండూ దొరికితేనే ఈక్వల్. ఇంకోటి గమనించారా, 200 బై 4 అంటే 50 అని మనం ధీమాగా ఉంటాం, నిజంగా అది 44 అయినా కావచ్చు 58 అయినా కావచ్చు. రౌండ్ చేసిన టైమ్ చిన్న నంబరైతే స్పీడులో తేడా ఇంత వస్తుంది.

ఇంకొక్క ప్రశ్నకి టైముంది. ఊళ్ళు మూడుంటే ఎలా అంటున్నారు. ఒకటో ఊరు నుంచి రెండో ఊరు నేరుగా 120 కిలోమీటర్లు, రెండో ఊరు నుంచి మూడో ఊరు నేరుగా 80, ఒకటి నుంచి మూడుకి తిన్నటి దారిలో గంటకి 40 చొప్పున వెళ్తే ఎంతసేపు? ఇక్కడ దూరమే రేంజ్. మూడో ఊరు అదే లైన్‌లో ఇంకా ముందుకుంటే 120 ప్లస్ 80, 200. అదే లైన్‌లో వెనక్కి వస్తే 120 మైనస్ 80, 40. పక్కలకి ఎటున్నా ఈ రెండింటి మధ్యలోనే. టైమ్ 1 గంట నుంచి 5 గంటల వరకు. చివరలు కలపాలా అంటే, మూడు ఊళ్ళూ ఒకే లైన్‌లో లేవు అని ప్రశ్నలో ఉందేమో చూడండి, ఉంటే 1, 5 రెండూ తీసెయ్యాలి, లేకపోతే రెండూ ఉంటాయి.